‘పూర్వం’ అనే ఒకే కుప్ప: ప్రపంచ చరిత్ర పాఠంలో ఒక విద్యార్థిని కేసు

నేపథ్యం

దేవరకొండ చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. ఈ కేసు తొమ్మిదో తరగతి చదివిన ఒక అమ్మాయిది. పేరు, ఊరు, సంవత్సరం రాయడం లేదు. ఇంటి సంగతుల్లో గుర్తుపట్టే వీలున్నవాటిని మార్చాను. మంచి మార్కుల చాటున దాగి ఏళ్ల తరబడి నా కంట పడని ఒక లోపం ఈమె దగ్గర బయటపడింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తల్లిదండ్రులు ఏడాదిలో సగానికి పైగా భవన నిర్మాణ పనులకు వలస వెళ్తారు. అమ్మాయి, తమ్ముడు నాయనమ్మ దగ్గర ఉంటారు. రెండెకరాల చెలక ఉంది. వానలు పడితే పత్తి, సాళ్ల మధ్య కంది వేస్తారు. ఒక్కో ఏడు పల్లి వేస్తారు. చదువులో ఈమెకు ఏ లోటూ లేదు. బడిలో మధ్యమధ్య పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల్లో 20కి 18, 19 వచ్చేవి. అడిగిన ప్రశ్నకు పుస్తకంలో ఉన్న జవాబు అక్షరం పొల్లుపోకుండా రాసేది. ఇలాంటి పిల్లల గురించి స్టాఫ్ రూములో ఎవరమూ మాట్లాడుకోము. వెనకబడిన పిల్లల జాబితా వేరే ఉంటుంది, మా శ్రద్ధంతా అటు పోతుంది.

తొమ్మిదో తరగతిలో యూరప్‌లో 1300 నుంచి 1800 వరకు వచ్చిన సాంస్కృతిక మార్పుల పాఠం ఉంటుంది. మానవతావాదం, ముద్రణాయంత్రం, మత సంస్కరణ, కొత్త విజ్ఞానం అన్నీ అందులోనే. దానికి ముందున్న భూస్వామ్య వ్యవస్థ తెలియకపోతే ఆ పాఠం గాల్లో వేలాడుతుంది కాబట్టి దాన్ని నేను అదనంగా చెబుతాను. కాకతీయులను, విజయనగరాన్ని పిల్లలు ఏడో తరగతిలోనే చదివేసి ఉంటారు. ఏడుకూ తొమ్మిదికీ మధ్య రెండేళ్లు, రెండు పుస్తకాలు, తరచుగా ఇద్దరు టీచర్లు. కాకతీయులూ ఆ యూరప్ రైతులూ ఒకే కాలంలో ఒకే సూర్యుణ్ని చూశారని చెప్పే తరగతి ఒక్కటి కూడా అప్పటిదాకా నేను తీసుకోలేదు.

సమస్య ఎలా బయటపడింది

పాఠం అయిపోయాక ఒక చిన్న పని ఇచ్చాను. ఎనిమిది అట్టముక్కల మీద ఎనిమిది సంగతులు రాసి, సంవత్సరాలు వేయకుండా, ముందువి ముందు, తర్వాతవి తర్వాత పేర్చమన్నాను. రుద్రమదేవి పాలన, మాగ్నా కార్టా (ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం), యూరప్‌లో ప్లేగు, గుటెన్‌బర్గ్ ముద్రణ, వాస్కోడగామా రాక, చార్మినారు కట్టడం, మొదటి ప్రపంచ యుద్ధం, మన స్వాతంత్ర్యం.

ఈ అమ్మాయి అందరికంటే ముందు పేర్చేసింది. మొదట రుద్రమదేవి, వెంటనే చార్మినారు, ఆ తర్వాత వాస్కోడగామా. వాటి వెనక ముద్రణ, ప్లేగు, మాగ్నా కార్టా. చివర యుద్ధం, స్వాతంత్ర్యం. మొదటి మూడూ ఏడో తరగతిలోనే విన్నానని చెప్పింది. కాసేపటికి నాకు అర్థమైంది. ఆమె చరిత్రను జరిగిన వరుసలో పేర్చలేదు, తాను చదువుకున్న వరుసలో పేర్చింది.

మాగ్నా కార్టా ఏ సంవత్సరం అని అడిగాను. తడుముకోకుండా 1215 అంది. ముద్రణాయంత్రం? 1455 ప్రాంతం అంది. రెండూ సరైనవే. మరి ఏది ముందు అని అడిగితే ఆగిపోయింది. అట్టముక్కల వైపు చూసింది, నా వైపు చూసింది. “అన్నీ పూర్వమే కదా టీచర్” అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆమెకు కాలం రెండే గదులు. ఒకటి ఇప్పుడు, ఇంకొకటి పూర్వం. రామాయణం, రుద్రమదేవి, నిజాం, నాయనమ్మ పెళ్లి అన్నీ ఆ రెండో గదిలో ఒకే కుప్పగా పడి ఉన్నాయి. అట్టముక్కలు మరికొందరికి ఇచ్చి చూశాను. మార్కులు తక్కువ వచ్చే పిల్లల్లో ఈ కుప్ప ఉంటుందని తెలుసు. మొదటి వరుసలో కూర్చునే పిల్లల్లో కూడా ఉందని తెలిసి నిద్ర పట్టలేదు.

మొదటి ప్రయత్నం: సంవత్సరాల సాధన

నేను మొదట వేసుకున్న లెక్క తప్పు. సంవత్సరాలను అంకెలుగా పోల్చడం రావడం లేదనుకున్నాను. దానికి తోడు శతాబ్దాల తికమక ఉండనే ఉంది. 13వ శతాబ్దం అంటే 1300లు అనుకోవడం మా పిల్లల్లో సర్వసాధారణం. 1201 నుంచి 1300 వరకు అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ జారిపోతుంది. కాబట్టి పది రోజులు రోజూ అయిదు నిమిషాలు సంవత్సరాల సాధన పెట్టాను. సంవత్సరం చెబితే శతాబ్దం, రెండు సంవత్సరాలు చెబితే ఏది ముందు.

సంవత్సరం వేసి ఉంటే ఇప్పుడు ఒక్క తప్పు లేకుండా పేర్చేది. సంవత్సరాలు తీసేసి కొత్త అట్టముక్కలు ఇచ్చాను. మళ్లీ కుప్ప. అప్పుడు తెలిసింది, ఆ అంకె ఆమెకు ఫోను నంబరు లాంటిదని. నంబరు తప్పు లేకుండా చెప్పగలం, దాన్నిబట్టి ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పలేం. నేను పది రోజులు నంబర్లు బాగా గుర్తుండేలా చేశాను, అంతే.

రెండో ప్రయత్నం: వరండాలో తాడు

దూరం తెలియడం లేదు కాబట్టి దూరాన్ని కంటికి చూపించాలనుకున్నాను. వరండాలో స్తంభానికీ స్తంభానికీ మధ్య తాడు కట్టాం. వందేళ్లకు ఒక మీటరు, అంటే ఏడాదికి ఒక సెంటీమీటరు. 1200 దగ్గర మొదలుపెట్టి మన రోజుల దాకా ఎనిమిది మీటర్లకు పైగా వచ్చింది. బట్టల క్లిప్పులతో సంగతులు తగిలించాం. యూరప్‌వి ఎర్ర క్లిప్పులు, మనవి నీలం.

ఒక మంచి జరిగింది. ఎవరి వయసు వారు తాడు చివర కొలుచుకోమన్నాను. అమ్మాయికి 14 సెంటీమీటర్లు వచ్చాయి. నాయనమ్మకు దాదాపు 70. ఆ 70 సెంటీమీటర్ల దగ్గర వేలు పెట్టి, అక్కడినుంచి రుద్రమదేవి నీలం క్లిప్పు దాకా నడుచుకుంటూ వెళ్లింది. మళ్లీ వెనక్కి నడిచింది. ఏమీ అనలేదు. ఆ నడక పనికొస్తుందని అనిపించింది కానీ దానితో ఏం చేయాలో అప్పటికి తోచలేదు.

మధ్యాహ్న భోజనానికి వరండా కావాలి కాబట్టి వారం తిరక్కుండానే తాడు విప్పేశాం. తాడు పోయాక అట్టముక్కల వరుస కొంత నిలిచింది, ముందులా పూర్తి కుప్ప కాలేదు. కానీ అడిగిచూస్తే, ఏ క్లిప్పు పక్కన ఏ క్లిప్పు ఉందో గుర్తుపెట్టుకుని చెబుతోంది. 1250 దగ్గర మనిషి ఎలా బతికేవాడు, 1650 దగ్గర ఎలా బతికేవాడు అంటే ఆమెకు ఏ తేడా లేదు. నాలుగు మీటర్ల తాడు మధ్యలో ఉంది, అందులో బతుకు లేదు. ఈ ప్రయత్నం పూర్తిగా విఫలమైందని అనను. తాడు ఇప్పటికీ కడతాను, మొదట కట్టను, అంతే.

మూడో ప్రయత్నం: దొర, వెట్టి. నేను చేసిన పెద్ద తప్పు

బతుకు లేదన్నది తెలిసింది కదా, బతుకు మా జిల్లాలోనే ఉందనుకున్నాను. నల్లగొండలో వెట్టి అంటే ఏమిటో పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు. 1940లలో సంఘం కట్టి పోరాడిన ఊళ్లు చుట్టూ ఉన్నాయి. కాబట్టి యూరప్ భూస్వామ్యాన్ని దొరల పెత్తనంతో పోల్చి చెప్పాను. లార్డు అంటే దొర, మేనరు ఇల్లు అంటే గడీ, సెర్ఫు అంటే వెట్టి చేసేవాడు.

తరగతి అంతా లేచి కూర్చుంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు తాతల మాటలు చెప్పారు. ఈ అమ్మాయి కూడా నాయనమ్మ తల్లి దొర ఇంట్లో వడ్లు దంచిన సంగతి చెప్పింది. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్లాను.

తర్వాతి వారం 1381లో ఇంగ్లండులో జరిగిన రైతుల తిరుగుబాటు గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. ఆమె ఇలా రాసింది: “ఇంగ్లండు రైతులు వెట్టి చేయలేక సంఘం పెట్టుకున్నారు. దొర గడీ మీదికి గుత్పలు పట్టుకుని వెళ్లారు. పటేలు, పట్వారీలు పారిపోయారు. తర్వాత పోలీసు చర్య జరిగింది.” అయిదో వాక్యం పూర్తి కాలేదు.

ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆమెది తప్పు కాదు. లార్డు అంటే దొర అని నేనే చెప్పాను, ఆమె దాన్ని చివరిదాకా నమ్మింది. ఇంతకు ముందు కూడా నేను ఈ పోలిక చెప్పాను. ఇలాంటి జవాబులే రెండు మూడు మాటల్లో వస్తే సొంతంగా ఆలోచించారని మార్కులు వేశాను. దాదాపు ఆరు వందల ఏళ్ల దూరాన్ని నా పోలిక ఒక్క పీరియడులో మింగేసింది. కుప్పను విడదీయడానికి వెళ్లి ఇంకా గట్టిగా తొక్కి వచ్చాను.

అయితే ఈ తప్పే తేల్చి చెప్పింది. తాడులో కాలం ఉంది, బతుకు లేదు. దొర పోలికలో బతుకు ఉంది, కాలం లేదు. రెండూ ఒకే చోట ఉన్న వస్తువు కావాలి. అది ఏమిటో ఆ క్షణానికి నాకు తెలియదు.

ఇంటికి వెళ్లినప్పుడు

పత్తి ఏరే రోజుల్లో ఆమె నాలుగు రోజులు బడికి రాలేదు. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో పాత చీర పరిచి ఎండు మిరపకాయలు ఆరబోశారు. నాయనమ్మ జొన్న రొట్టెలు చేస్తోంది. రోట్లో పల్లి చట్నీ సగం నలిగి ఉంది, పక్కన రెండు టమాటలు. నాకు పీట వేసి రొట్టె పెట్టింది.

తింటూ మాటల్లో అడిగాను. “రుద్రమదేవి కాలంలో మనం ఇలాగే ఈ ఊరికి వస్తే, ఈ వంటింట్లో ఏముండేది?”

“ఇవే ఉండేవి టీచర్” అంది అమ్మాయి.

“మిరపకాయలు తీసెయ్. ఉండవు.”

నవ్వింది. తమాషాకు అంటున్నానని అనుకుంది. నాయనమ్మ అట్లకాడ చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయింది. “మిరపకాయ లేకుండా కూర ఎలా ఉంటుంది పంతులమ్మా?” అంది. మిరప మెక్సికో వైపు పుట్టిన పంట అని, పోర్చుగీసువాళ్ల ఓడల మీద 1500 తర్వాతే మన తీరానికి వచ్చిందని, అంతకు ముందు కారానికి మిరియాలే దిక్కని చెప్పాను. పల్లి కూడా తీసేయమన్నాను, అది దక్షిణ అమెరికాది. టమాట కూడా.

అప్పుడు నాయనమ్మ ఒక మాట అంది. ఈ కేసంతా ఆ మాట దగ్గర మలుపు తిరిగింది. తన చిన్నప్పుడు ఇంట్లో టమాటలు వండిన గుర్తు లేదట, పులుపుకు చింతపండే వేసేవారట. అమ్మాయి నాయనమ్మ వైపు తిరిగింది. “నీ చిన్నప్పుడు కూడా లేదా?”

పూర్వం రెండు ముక్కలైంది. టమాట లేని నాయనమ్మ కాలం ఒకటి. మిరపకాయ కూడా లేని రుద్రమదేవి కాలం ఇంకొకటి. ఆ రెండూ ఒకటి కావని ఆమె ముఖంలో కనిపించింది. వరండాలో వేలు పెట్టి నడిచిన ఆ దూరం ఇప్పుడు రోటి పక్కన ఉంది.

తీసేసే పద్ధతి

దీన్ని ఇంటి దగ్గర జరిగిన ఒక మంచి మాటగా వదిలేయకూడదనిపించింది. చేర్చుకుంటూ పోయే చరిత్ర ఆమెకు పట్టుబడలేదు. ఫలానా ఏట ఇది వచ్చింది, ఫలానా ఏట అది వచ్చింది అంటే ఎంత చేర్చినా కుప్ప పెరుగుతుంది. తీసేస్తే ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీని పిల్ల తన రోజువారీ బతుకుతో కొలవగలదు. అందుకే తరగతి మొత్తానికీ తీసేసే పని పెట్టాను.

పిల్లలు చిన్న గిన్నెల్లో, పాత డబ్బా మూతల్లో ఇంట్లో ఉన్నవి తెచ్చారు. జొన్నలు, సజ్జలు, కందిపప్పు, నువ్వులు, చింతపండు, పసుపు, మిరియాలు, ఉల్లిగడ్డ, వంకాయ, ఎండు మిర్చి, పల్లీలు, మక్కజొన్న గింజలు, ఆలుగడ్డ, టమాట, జామకాయ, సీతాఫలం. నేల మీద సుద్దతో ఒక గీత గీసి 1498 అని రాశాను. వాస్కోడగామా కోళికోడ్ దగ్గర దిగిన ఏడు. గీతకు ఎడమవైపు అంతకు ముందే ఇక్కడ ఉన్నవి, కుడివైపు తర్వాత వచ్చినవి.

కుడివైపు నిండిపోతుంటే పిల్లలకు నమ్మకం కుదరలేదు. సీతాఫలం దగ్గర పెద్ద వాదన జరిగింది. మా వైపు గుట్టల్లో ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. పాలమూరు జిల్లా బాలానగర్ పేరుతో ఒక రకమే ఉంది. పైగా పేరులోనే సీత ఉంది. “సీతమ్మ అడవిలో తిన్న పండు కదా టీచర్, అటు ఎలా పోతుంది?” అని ఈ అమ్మాయే అడిగింది. అక్కడ తొందరపడకూడదని అనుకున్నాను. నమ్మకాన్ని కించపరిస్తే పిల్ల చరిత్ర దగ్గర కూడా నోరు మూసుకుంటుంది. వృక్షశాస్త్రం ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండమని చెబుతోందని, ఇక్కడి నేలకు బాగా నచ్చిందని, మనవాళ్లు ముద్దుగా తమ పేరు పెట్టుకున్నారని చెప్పాను. “కోడలు ఇంటిపేరు మారినట్టా?” అంది వెనక వరుసలోంచి ఇంకో అమ్మాయి. సీతాఫలం గీత దాటింది.

ఇంకో చోట జాగ్రత్త పడాల్సి వచ్చింది. పిల్లలు దీన్ని వెంటనే మనవి, పరాయివి అనే లెక్కలోకి తీసుకెళ్లారు. అందుకే జొన్నను చూపించాను. జొన్న పుట్టింది ఆఫ్రికాలో, సజ్జ కూడా అంతే, చింత కూడా అటుదే. కానీ అవి ఎన్నో వందల, వేల ఏళ్ల కిందటే వచ్చాయి కాబట్టి ఎడమవైపే ఉంటాయి. ఎక్కడిదని అడగొద్దు, ఎప్పుడు వచ్చిందని అడగండి అన్నాను. ఆ రోజు ఈ ఒక్క మాటను పదిసార్లు చెప్పి ఉంటాను.

ఎడమవైపు మిగిలినవాటిలో మిరియాలను చేతిలోకి తీసుకున్నాను. వీటి కోసమే కదా వాళ్లు బయలుదేరింది. మలబారు మిరియాలు ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టుకు, అక్కడినుంచి వెనిస్ వర్తకులకు చేరేవి. చేయి మారిన ప్రతిచోటా ధర పెరిగేది. ఆ చేతులన్నీ తప్పించాలని పోర్చుగల్ ఆఫ్రికా చుట్టూ దారి వెతికింది. 1488లో బార్తొలోమియు డయాజ్ ఆఫ్రికా దక్షిణపు కొస దాటాడు, పదేళ్లకు వాస్కోడగామా వచ్చాడు. అదే సరుకు కోసం పడమటి దారి పట్టిన కొలంబస్ 1492లో అమెరికా దీవులకు చేరాడు. అక్కడ కారంగా ఉన్న కాయను చూసి దాన్నీ మిరియమే అన్నాడు. బోర్డు మీద మిరియం, మిరప అని పక్కపక్కన రాశాను.

అమ్మాయి ఆ రెండు మాటలూ చూస్తూ అంది. “అంటే మిరియాల కోసం వచ్చి మిరపకాయ ఇచ్చి వెళ్లారా?”

కారణం, దాని వెనక వచ్చిన ఫలితం, రెండూ కలిపి ఆమె సొంతంగా చెప్పిన మొదటి వాక్యం అది. ఏ పుస్తకంలోదీ కాదు.

ఒకే వేళ: జంట సంవత్సరాలు, ఒక కొత్త చిక్కు

ముందూ వెనకా తెలిశాక పక్కపక్కన అన్నది మొదలుపెట్టాను. నకిరేకల్ దగ్గర చందుపట్ల శాసనం రుద్రమదేవి మరణాన్ని చెబుతుంది, అది 1289 నాటిది. ఆ ఏడాది వెనిస్ వర్తకుడు మార్కో పోలో చైనాలో చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ కొలువులో ఉన్నాడు. అతని యాత్రా వృత్తాంతంలో మోటుపల్లి రాజ్యం, దాన్ని న్యాయంగా పాలించిన రాణి కనిపిస్తారు. ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారులు భావిస్తారు. మన జిల్లా రాయి, వెనిస్ వర్తకుడి పుస్తకం ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నాయంటే పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు.

తర్వాత 1323లో ఓరుగల్లు పతనం. 1324లో మాలి చక్రవర్తి మన్సా మూసా హజ్ యాత్ర దారిలో కైరోలో బంగారం పంచిపెట్టడం. 1325లో మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా తన ఊరు టాంజియర్ నుంచి బయలుదేరడం. 1347లో దక్కనులో బహమనీ రాజ్యం మొదలుకావడం, అదే ఏడు అక్టోబరులో సిసిలీలోని మెస్సీనా రేవుకు ప్లేగు ఓడలు చేరడం. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశం కావడం, అదే ఏడు లండనులో న్యూటన్ విజ్ఞాన గ్రంథం ‘ప్రిన్సిపియా’ అచ్చు కావడం.

వారం తిరిగేసరికి ఆమె నోటుబుక్కులో ఈ వాక్యం ఉంది: “కాకతీయులు ఓడిపోవడం వల్ల ఇబన్ బతూతా ప్రయాణం మొదలుపెట్టాడు.”

పక్కపక్కన పెడితే పిల్లలు వాటికి ముడి వేస్తారని నేను ముందుగా ఊహించలేదు. జంటలు మానేయాలా అని ఆలోచించాను. మానేస్తే మళ్లీ పాత గోడలే. అందుకని రెండు రంగుల సుద్ద పెట్టాను. ఒకే వేళ జరిగినవాటి మధ్య తెల్ల గీత, ఒకదాని వల్ల ఒకటి జరిగితే ఎర్ర గీత. ఎర్ర గీత గీసినవాళ్లు మధ్యలో ఏం జరిగిందో మెట్టు మెట్టుగా చెప్పాలి. చెప్పలేకపోతే తుడిచి తెల్ల గీత గీయాలి.

గోల్కొండకూ న్యూటన్‌కూ మధ్య ఎర్ర గీత గీయడానికి వచ్చి, కొంచెంసేపు నిలబడి, తానే తెల్ల సుద్ద అందుకుంది. ప్లేగు దగ్గర మాత్రం ఎర్ర గీత నిలబెట్టింది. జనం చనిపోయారు, పనిచేసే చేతులు తగ్గాయి, మిగిలినవాళ్లు ఎక్కువ కూలి అడిగారు, కూలి పెరగకూడదని ఇంగ్లండులో 1351లో చట్టం చేశారు, ఆ కోపం 1381 దాకా నడిచింది. కూలి మాట వచ్చినప్పుడు ఆమె గొంతు మారింది. మనుషులు దొరక్కపోతే మేస్త్రీ ఎక్కువ ఇస్తాడని ఇంట్లో విన్న పిల్ల కదా.

మళ్లీ దొర దగ్గరికి

పాడుచేసిన పాఠాన్ని బాగుచేయాలి. 1381 జవాబు ఉన్న కాగితం ఆమెకు తిరిగి ఇచ్చి, ఎర్ర పెన్నుతో ఏమీ రాయకుండా, “ఇందులోంచి అప్పటికి లేనివి తీసేయ్” అన్నాను.

పోలీసు తీసేసింది. పట్వారీ దగ్గర ఆగి, ఇంగ్లండులో పట్వారీ ఉంటాడా అని అడిగింది. నిజాం రాజ్యంలో భూమి శిస్తు లెక్కలు రాసే ఉద్యోగి కాబట్టి ఉండడని చెప్పాను, తీసేసింది. సంఘం దగ్గర చాలాసేపు ఆలోచించింది. మనుషులు గుంపుగా లేచారు, కానీ పార్టీ జెండా, సభ్యత్వ చీటీల పుస్తకం అప్పటికి లేవు కాబట్టి ‘సంఘం’ కొట్టేసి ‘గుంపు’ అని రాసింది. గుత్పను ఉంచింది. కర్రలు ఎప్పుడూ ఉన్నాయి కదా అంది, నేను ఒప్పుకున్నాను. చివరికి ‘కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం’ మిగిలింది. రెండు చోట్లా ఉన్నది అదొక్కటే అని దాని కింద గీత గీసింది.

పోలిక ఇలా చేయాలని నాకు ఆ కాగితం నేర్పింది. ముందు తేడాలన్నీ తీసేసి, మిగిలినదాన్ని పోలిక అనాలి. నేను ఇన్నేళ్లూ పోలికతో మొదలుపెట్టి తేడాలకు సమయం చాలక ఆపేశాను.

ఏం మారింది, ఏం మారలేదు

నెల తర్వాత సంవత్సరాలు లేని పది కొత్త అట్టముక్కలు ఇచ్చాను. ఎనిమిది సరిగ్గా పెట్టింది. నాకు ముఖ్యమైంది ఆ ఎనిమిది కాదు. పేర్చేటప్పుడు పెదాలు కదులుతున్నాయి. ఏమనుకుంటున్నావని అడిగితే, “అప్పటికి మిరపకాయ ఉందా లేదా, అచ్చు పుస్తకం ఉందా లేదా, రైలు ఉందా లేదా” అంది. తన కొలతలు తానే తయారుచేసుకుంది. రైలు నేను చెప్పనే లేదు.

శతాబ్దాల తికమక పూర్తిగా పోలేదు. టర్ము చివర పెట్టే సమ్మేటివ్ పరీక్షలో 16వ శతాబ్దం అని రాయాల్సిన చోట 15 అని రాసింది. మత సంస్కరణ పాఠం దగ్గర ఈ పద్ధతి నాకు పెద్దగా అక్కరకు రాలేదు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ చర్చికి ఎందుకు ఎదురు తిరిగాడో అర్థం కావాలంటే వంటింట్లోంచి ఏం తీసేయాలి? అచ్చు పుస్తకం తీసేయమన్నాను, తాళపత్రం గుర్తు చేశాను. అతని మాట అంత వేగంగా ఎలా పాకిందో దానితో తెలిసింది, పాపాలకు శిక్ష తగ్గుతుందని చర్చి డబ్బుకు అమ్మిన పాప పరిహార పత్రాలు ఆ మనుషులకు ఎందుకంత పెద్ద విషయమో తెలియలేదు. ఆ భాగం ఆమె ఇప్పటికీ కంఠస్థం చేసే రాస్తోంది. నమ్మకాల చరిత్రకు వేరే దారి వెతకాలి.

ఇది ఒక్క అమ్మాయి కథ. ఈమెకు కథలు చెప్పే నాయనమ్మ ఉంది, అడగడానికి భయం లేని స్వభావం ఉంది. అదే తరగతిలో ఇంట్లో పెద్దవాళ్లు లేని ఒక అబ్బాయికి ఇదే పని అంతగా అందలేదు. వాడికి బడిలో వంట చేసే అమ్మను అడిగే పని ఇచ్చాను, కొంత కదిలాడు. మిగతా పిల్లల విషయంలో నేను ఇంకా చూస్తున్నాను. ఒకటి మాత్రం మార్చేశాను. ఇప్పుడు ఏడాది మొదట్లో మార్కులు చూడకుండా అందరికీ అట్టముక్కలు ఇస్తాను. 19 వచ్చిన పిల్లలకు ముందు ఇస్తాను.

ఆమె చివరి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. గిన్నెల పని రెండోసారి చేస్తున్న రోజున గీతకు కుడివైపు ఉన్నవన్నీ చూసి, “ఇవన్నీ వాళ్లు ఇచ్చారు కదా, వాళ్లకు ఇక్కడినుంచి ఏం వెళ్లింది టీచర్?” అని అడిగింది. గోధుమ, గుర్రం, ఆవు సముద్రం దాటి అమెరికా వైపు వెళ్లాయని చెప్పాను. చెరకును కొలంబస్ 1493లో రెండో ప్రయాణంలో తీసుకెళ్లాడని, ఆ తోటల్లో పని చేయించడానికి ఆఫ్రికా మనుషులను బానిసలుగా పట్టుకెళ్లారని చెప్పాను. 1520లో మెక్సికోలో మశూచి పాకిందని, అంతకు ముందు ఆ జబ్బు ఎరగని జనం లెక్కలేనంతమంది పోయారని, మరుసటి ఏడు వాళ్ల రాజధాని టెనోచ్టిట్లాన్ స్పెయిన్‌వాళ్ల చేతికి చిక్కిందని చెప్పాను. మొదటిసారి ఈ పని చేయించినప్పుడు ఇవేవీ నేను చెప్పలేదు. వచ్చినవాటి దగ్గరే ఆగిపోయాను.

ఆమె కాగితం చింపి దాని మీద మశూచి, 1520 అని రాసింది. గీతకు అటూ ఇటూ చూసింది. “దీన్ని ఏ గిన్నెలో వేయాలి టీచర్?” అంది. నా దగ్గర గిన్నె లేదు. ఆ చీటీని సుద్దగీత మీదే పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పైన ఒక జామకాయ ఉంచింది.